ఎన్ స్కేల్ రైళ్లకు కప్లర్ల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

9 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద నడిచే ఎన్ స్కేల్ నమూనా రైళ్లలో మోటారు కంటే, పట్టాల కంటే ఎక్కువగా మనిషిని విసిగించేది రెండు పెట్టెలను ఒకదానికొకటి తగిలించే గోరంత కప్లరే. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు, అటకమీది పాత సెట్టును మళ్లీ కిందికి దించినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇచ్చాను. ముందుగా మాటల గురించి ఒక మనవి. మన వాడుకలో బోగీ అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె, రైల్వే సాంకేతిక భాషలో మాత్రం ఆ పెట్టె కింద నాలుగు చక్రాలతో అటూ ఇటూ తిరిగే చట్రమే బోగీ. కప్లర్ల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం కాబట్టి, ఇక్కడ పైభాగాన్ని పెట్టె లేదా వ్యాగన్ అని, కింది చట్రాన్ని చక్రాల బోగీ అని రాశాను.

నేను కొత్తగా మొదలుపెడుతున్నాను. ఏ కంపెనీ కప్లర్ కొనమంటారు?

కంపెనీ పేరు చివర చూడవలసిన సంగతి. మొదట చూడవలసినవి మూడు: కప్లర్ తల ఏ రకానిది, దాని తోక పెట్టెలో ఎక్కడ ఎలా కూర్చుంటుంది, పట్టా పైఅంచు నుంచి అది ఎంత ఎత్తులో ఉంటుంది. ఈ మూడూ కుదిరితే వేర్వేరు దేశాల్లో తయారైన పెట్టెలు కూడా ఒకే రైలుగా నడుస్తాయి, ఏ ఒక్కటి తప్పినా ఒకే కంపెనీ పెట్టెలు కూడా దారిలో విడిపోతాయి. కొనే ముందు మీ దగ్గర ఉన్న పెట్టెలన్నిటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఏ తల ఎన్నిటికి ఉందో లెక్కపెట్టండి. 40 వ్యాగన్లకు ఒక రకం, రెండు ఇంజన్లకు మరో రకం ఉన్నప్పుడు ఆ రెండు ఇంజన్లను మార్చుకోవడమే తెలివైన పని. చాలామంది దీనికి తలకిందులుగా చేసి, కొత్త ఇంజను మోజులో 40 వ్యాగన్లనూ విప్పుకుని కూర్చుంటారు.

ర్యాపిడో కప్లర్ అంటే ఏమిటి? నా పెట్టెకు ఉన్నది అదేనా?

పక్క నుంచి చూస్తే దీర్ఘచతురస్రాకారపు చిన్న డబ్బాలా, ముందు అంచు కొక్కెంలా కిందికి వంగి కనిపిస్తే అది ర్యాపిడోయే. జర్మనీలో నురెంబర్గ్ నగరానికి చెందిన ఆర్నాల్డ్ సంస్థ 1960 దశకంలో ఎన్ స్కేలుతో పాటు ప్రచారంలోకి తెచ్చిన ఈ కప్లరును ఇతర తయారీదారులు కూడా స్వీకరించడంతో అది ప్రపంచమంతటా ఎన్ స్కేలుకు ఉమ్మడి కప్లర్ అయింది. జపాన్ అభిమానులు దీన్ని ఇప్పటికీ ఆర్నాల్డ్ కప్లర్ అనే పిలుస్తారు. రెండు పెట్టెలను నెట్టినప్పుడు ఒక తల రెండోదాని మీదికి ఎక్కి కిందికి జారి తగులుకుంటుంది, ఏదో ఒక తలను పైకి లేపితే విడిపోతుంది.

దీని బలం సహనం. ఎత్తులో కొంచెం తేడా ఉన్నా, పట్టా కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా పట్టు వదలదు. యూరప్, అమెరికా నమూనాల స్కేలు 1:160 (అంటే అసలు రైలులో 160వ వంతు), జపాన్‌వి ఎక్కువగా 1:150, బ్రిటన్‌వి 1:148 అయినప్పటికీ, పట్టా వెడల్పు ఒక్కటే కావడం వల్ల ర్యాపిడో తల ఉన్న పెట్టెలు వీటిలో దేనితోనైనా కలుస్తాయి. చూడటానికి మాత్రం బండగా ఉంటుంది. పెట్టెల మధ్య ఒక మనిషి దూకడానికి కూడా భయపడేంత ఖాళీ మిగిలిపోతుంది.

మరి నకిల్ కప్లర్?

రెండు చేతుల వేళ్లను కొక్కేల్లా వంచి, ఒకదానిలో ఒకటి తగిలించి లాగి చూడండి, నకిల్ కప్లర్ పనిచేసేది అచ్చం అలాగే. అసలు రైళ్లలో ఈ పద్ధతికి అమెరికాకు చెందిన ఎలై జానీ 1873లో పేటెంటు పొందాడు. పెట్టెల మధ్య నిలబడి చేత్తో మేకు దించే పాత పద్ధతిలో కార్మికులు వేళ్లు, ప్రాణాలు పోగొట్టుకుంటుండటంతో 1893లో అమెరికా చేసిన భద్రతా చట్టం తనంతట తాను తగులుకునే కప్లరును తప్పనిసరి చేసింది. నమూనా రైళ్లలో దీన్ని అయస్కాంతంతో విడిపోయేలా తీర్చిదిద్దినది ఓరెగాన్ రాష్ట్రపు కేడీ సంస్థ. 1990లో ఆ సంస్థ రెండుగా విడిపోయినప్పుడు పెద్దదైన హెచ్‌ఓ స్కేలు కేడీ పేరుతోనే మిగిలింది, ఎన్, దానికన్నా చిన్నదైన జెడ్ స్కేళ్లు మైక్రో-ట్రెయిన్స్ పేరుతో వేరుపడ్డాయి. అట్లాస్ వారి ఆక్యుమేట్, బాక్‌మన్ వారి ఈ-జెడ్ మేట్, బ్రిటన్‌లో డాపోల్ వారి ఈజీ-షంట్ ఇదే కుటుంబానికి చెందినవి.

ర్యాపిడో ఉన్న పెట్టెను నకిల్ ఉన్న ఇంజనుకు తగిలించవచ్చా?

తగిలించలేము. రబ్బరు బ్యాండు, దారం, వంచిన గుండుసూది వంటి చిట్కాలు ఒక సాయంత్రం వినోదానికి పనికొస్తాయేమో గానీ వంపుల్లో నిలవవు. దీనికి పాతకాలం నుంచి ఉన్న నమ్మకమైన ఉపాయం మధ్యవర్తి వ్యాగన్: ఒకే వ్యాగనుకు ఒక కొసన ర్యాపిడో, మరో కొసన నకిల్ బిగించి, ఇంజనుకు, మిగిలిన రేకుకు (అంటే తగిలించిన పెట్టెల వరుసకు) మధ్య దాన్ని పెట్టాలి. మీ సేకరణ పూర్తిగా మారేదాకా ఇలాంటివి రెండు ఉంటే చాలు.

వేర్వేరు కంపెనీల నకిల్ కప్లర్లు ఒకదానితో ఒకటి కలుస్తాయా?

ఎత్తు సరిగా ఉంటే సాధారణంగా కలుస్తాయి, లాగుతాయి కూడా. అయితే తనంతట తాను తగులుకోవడం, అయస్కాంతం మీద విడిపోవడం అనే రెండు పనుల్లో తేడాలు బయటపడతాయి, ఎందుకంటే తల ఆకారం, వేలు తెరుచుకునే కోణం, లోపలి స్ప్రింగ్ బిగువు అన్నిటికీ ఒకేలా ఉండవు. కొన్నిటిలో లోహపు స్ప్రింగ్ ఉంటుంది, కొన్నిటిలో ప్లాస్టిక్ కాడే స్ప్రింగులా వంగుతుంది. రైలును గుండ్రంగా తిప్పడమే మీ పనైతే కలగలుపు సమస్య కాదు. యార్డులో షంటింగ్ (పెట్టెలను విడదీసి, అటూ ఇటూ మార్చి మళ్లీ కలపడం) చేయాలనుకుంటే మాత్రం ఒకే రకానికి కట్టుబడి ఉండమనే నా సలహా. జపాన్ ప్రయాణికుల రైళ్ల సంగతి వేరు. టోమిక్స్ వారి టీఎన్ కప్లర్ వంటివి పెట్టెలను ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంచడానికి చేసినవి కాబట్టి, వాటిని పైన చెప్పిన నకిల్ కుటుంబంతో కలపాలని చూడకండి.

ప్యాకెట్టు మీద ఎన్‌ఈఎమ్ 355 అని ఉంది. దాని అర్థం ఏమిటి?

యూరప్ నమూనా రైలు సంఘాల సమాఖ్య అయిన మోరోప్ ఖరారు చేసే ప్రమాణాలను ఎన్‌ఈఎమ్ అంటారు. వాటిలో 355వది ఎన్ స్కేల్ పెట్టెలకు ఉండే కప్లర్ గూడు కొలతలను చెబుతుంది. గూడు ఈ ప్రమాణానికి సరిపోతే పాత తలను పట్టకారుతో సూటిగా బయటికి లాగి, కొత్తదాన్ని నెట్టి బిగించవచ్చు. స్క్రూ విప్పే పని ఉండదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: ఈ ప్రమాణం గూటికి సంబంధించినదే తప్ప తలకు సంబంధించినది కాదు. ఒకే గూట్లో ర్యాపిడో తల పట్టవచ్చు, నకిల్ తల పట్టవచ్చు, అవి రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ప్యాకెట్టు మీద 355 చూసి సంతోషించి వెంటనే డబ్బు చెల్లించవద్దు, తల బొమ్మ కూడా చూడండి. పెద్దదైన హెచ్‌ఓ స్కేలు గూటి ప్రమాణం 362, అది ఎన్ పెట్టెలో పట్టదు.

పాత పెట్టెల్లో ఈ గూడు ఉండదు. చక్రాల బోగీ కొసన ఉన్న చిన్న డబ్బాలో ర్యాపిడో తోక, దాని వెనక ఒక బుల్లి స్ప్రింగు ఉంటాయి. వాటికి తల మాత్రమే మార్చే కప్లర్లు దొరికితే సరి, లేకపోతే కప్లరుతో సహా వచ్చే కొత్త చక్రాల బోగీని మార్చడమే సులువు.

కప్లర్ చక్రాల బోగీకి ఉండాలా, పెట్టె అడుగుకు ఉండాలా?

చక్రాల బోగీకి ఉంటే వంపులో కప్లర్ కూడా బోగీతో పాటు తిరుగుతుంది కాబట్టి, 249 మి.మీ. వ్యాసార్థం వంటి ఇరుకైన వంపుల్లో కూడా పొడవైన పెట్టెలు హాయిగా వెళ్తాయి. వెనక్కి నెట్టినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. నెట్టే బలం పెట్టె మీద కాక నేరుగా బోగీ మీద పడి దాన్ని పక్కకు తిప్పుతుంది, ముందు వ్యాగన్ పట్టా దిగుతుంది. పెట్టె అడుగుకు బిగిస్తే 20 వ్యాగన్లను వెనక్కి నెట్టినా రైలు బుద్ధిగా వెళ్తుంది, అయితే పొడవైన పెట్టెలకు విశాలమైన వంపులు కావాలి. మీ పట్టా ఒక చిన్న బల్ల మీద పరిచిన గుండ్రటి దారి అయితే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచండి. షంటింగ్, లూప్ లైన్లు, యార్డు ఉన్న అమరికలో మాత్రం కనీసం పొట్టి వ్యాగన్లకైనా అడుగున బిగించుకోవడం మంచిది.

రైలు మధ్యలో తెగిపోతోంది. కప్లర్ పాడైందా?

పదింట ఎనిమిది సార్లు అది కప్లర్ తప్పు కాదు, ఎత్తు తప్పు. అసలు అమెరికా రైళ్లలో ఖాళీ వ్యాగన్ కప్లర్ మధ్యభాగం పట్టా పైఅంచు నుంచి 34.5 అంగుళాల ఎత్తులో ఉంటుంది. దాన్ని 160తో భాగిస్తే సుమారు 5.5 మి.మీ. వస్తుంది. ఎన్ నకిల్ తల మొత్తం ఎత్తే కొద్ది మిల్లీమీటర్లు కాబట్టి, ఒకటి అర మిల్లీమీటరు పైకి, పక్కది అర మిల్లీమీటరు కిందికి ఉంటే అవి పట్టుకునే భాగం చాలావరకు తగ్గిపోతుంది. చదును దారిలో ఆ కొంచెం పట్టుతోనే లాగుతాయి, ఎక్కుడు దారి మొదలయ్యే చోట ఒకటి రెండోదాని మీది నుంచి జారిపోతుంది. అందుకే రైలు ఎప్పుడూ ఒకే చోట తెగుతుంటే ముందు ఆ చోటి పట్టాను అనుమానించాలి, ఏ చోటైనా ఒకే వ్యాగన్ దగ్గర తెగుతుంటే ఆ వ్యాగన్ ఎత్తు చూడాలి.

ఎత్తు చూడటానికి కప్లర్ గేజి అనే చిన్న లోహపు దిమ్మె దొరుకుతుంది. దాన్ని పట్టా మీద నిలబెట్టి, వ్యాగన్ను మెల్లగా దాని దగ్గరికి జరిపి, కళ్లను బల్ల మట్టానికి దించి చూస్తే రెండు తలలూ సమంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. కప్లర్ల కంటే ముందు దీన్ని కొనండి.

సరిచేసేటప్పుడు కప్లర్ ఎక్కడ బిగించి ఉందో మరిచిపోకూడదు. పెట్టె అడుగున ఉన్న కప్లర్ కిందికి దిగి ఉంటే చక్రాల బోగీకి, పెట్టెకు మధ్య పలుచని వాషర్ వేస్తే పెట్టెతో పాటు కప్లరూ లేస్తుంది. మరీ పైకి ఉంటే కప్లర్ డబ్బాకు, పెట్టె అడుగుకు మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క పెట్టి కిందికి దించవచ్చు. చక్రాల బోగీకే కప్లర్ ఉన్నప్పుడు మాత్రం వాషర్ వేసినా పెట్టె ఒక్కటే లేస్తుంది, కప్లర్ ఉన్నచోటే ఉంటుంది. ఈ చిన్న సంగతి తట్టక ఒక ఆదివారమంతా ఐదు వ్యాగన్లకు వాషర్లు వేసి, అవి ఒంటెల్లా లేచి నిలబడినా రైలు అదే చోట తెగిపోతుంటే తలపట్టుకుని కూర్చున్న ఘనత నాది.

ఎత్తు సరిగా ఉన్నా తెగుతుంటే బరువు చూడండి. అమెరికా జాతీయ నమూనా రైలు సంఘం సూచన ప్రకారం ఎన్ స్కేల్ వ్యాగనుకు అర ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి 0.15 ఔన్సు బరువు ఉండాలి. అంటే 3 అంగుళాల వ్యాగన్ సుమారు 27 గ్రాములు తూగాలి. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

వ్యాగన్లు నడుస్తూ నడుస్తూ ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. ఎందుకు?

లోహపు స్ప్రింగు ఉన్న కొన్ని నకిల్ కప్లర్లలో వేలును మూసే పని, కప్లరును మధ్యకు తెచ్చే పని ఒకే స్ప్రింగు చేస్తుంది. తేలికైన వ్యాగన్లు లాగినప్పుడు అది నొక్కుకుని, మళ్లీ సాగి, ఆ కదలిక ఒక వ్యాగన్ నుంచి మరోదానికి పాకుతుంది. ఎక్కువగా కనిపించేది రైలు చివరన, దిగుడులో. చివరి వ్యాగన్ ఇరుసుకు, బోగీకి మధ్య సన్నని స్ప్రింగు పెట్టి కొద్దిగా నిరోధం కల్పిస్తే రేకు అంతా ఎప్పుడూ కొంచెం లాగి ఉండి ఊపు ఆగిపోతుంది. నిరోధం ఎక్కువైతే చక్రాలు తిరగడం మానేసి జారుతాయి, జాగ్రత్త.

అయస్కాంతంతో విడదీయడం నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, ఓపిక ఉన్నవారికి. నకిల్ తల కింద కొడవలిలా వంగిన సన్నని ఇనుప తీగ ఉంటుంది. పట్టాల మధ్య పెట్టిన అయస్కాంతం మీద రైలును ఆపి, లాగుడు సడలేలా ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపితే, ఎదురెదురు తీగలు రెండు పట్టాల వైపు పక్కకు లాగబడి వేళ్లు తెరుచుకుంటాయి. అప్పుడు ఇంజను ముందుకు కదిలితే వ్యాగన్ అక్కడే మిగులుతుంది. ఇంకా కొంచెం వెనక్కి నెడితే తలలు పక్కకు తప్పుకుని, కలవకుండానే ఆ వ్యాగన్ను కావలసిన చోటిదాకా నెట్టుకుపోవచ్చు.

తీగ మరీ కిందికి ఉంటే దారి చీలే పాయింట్ల దగ్గర పట్టాకు తగిలి వ్యాగన్ను పడదోస్తుంది, మరీ పైకి ఉంటే అయస్కాంతానికి అందదు. పట్టా పైఅంచు కంటే పావు మిల్లీమీటరు పైన ఉంటే చాలు. ఇరుసులు ఇనుపవైతే అయస్కాంతం వ్యాగన్నే లాక్కుంటుంది, కాబట్టి ప్లాస్టిక్ లేదా ఇత్తడి ఇరుసులు వాడాలి. శాశ్వత అయస్కాంతాన్ని మెయిన్ లైనులో పెట్టకండి, దాని మీద రైలు కాస్త నెమ్మదించినా అడగకుండానే విడిపోతుంది. అక్కడ కరెంటు ఇచ్చినప్పుడే పనిచేసే విద్యుదయస్కాంతం మేలు.

నా మటుకు నేను తీగలన్నీ కత్తిరించేసి, సన్నగా చెక్కిన వెదురు పుల్లను పైనుంచి రెండు వేళ్ల మధ్యకు దించి మెల్లగా తిప్పి విడదీస్తాను. తీగలు లేకపోతే కప్లర్ చూడటానికీ బాగుంటుంది.

ఎన్ పెట్టెలకు జెడ్ కప్లర్లు వాడవచ్చా?

వాడవచ్చు, చాలామంది వాడుతున్నారు. మెర్క్లిన్ సంస్థ 1972లో తెచ్చిన జెడ్ స్కేలు 1:220, దాని పట్టా 6.5 మి.మీ. ఎన్ స్కేల్ నకిల్ తలలు అసలు కొలతకు లెక్కగడితే కొంచెం పెద్దవి కావడం వల్ల, మైక్రో-ట్రెయిన్స్ జెడ్ కప్లరును ఎన్ వ్యాగనుకు పెడితే కంటికి సరైన కొలతలో కనిపిస్తుంది. పట్టుకునే భాగం చిన్నదవుతుంది కాబట్టి ఎత్తు, పట్టా రెండూ మరింత కచ్చితంగా ఉండాలి. మెర్క్లిన్ సొంత జెడ్ కప్లర్ వేరే రకం, దాన్ని దీనితో కలపలేము.

నేను మన రైళ్లను తయారుచేస్తున్నాను. ఏది నప్పుతుంది?

మీరు చూపించదలచిన కాలాన్ని బట్టి ఉంటుంది. కొత్త తరం ఎల్‌హెచ్‌బీ ప్రయాణికుల పెట్టెలకు, గూడ్స్ వ్యాగన్లకు మధ్యలో ఉండే కప్లర్ నకిల్ కుటుంబానిదే కాబట్టి నకిల్ తల చక్కగా నప్పుతుంది. పాత తరం నీలిరంగు ఐసీఎఫ్ పెట్టెలకు అసలు ఉండేది పక్క బఫర్లు, మధ్యలో మరతో బిగించే కొక్కెం. ఎన్ స్కేల్లో దాన్ని పనిచేసేలా చేయడం కళ్లకు శిక్ష. అక్కడ పెట్టెల మధ్య సన్నని కడ్డీ బిగించి, బఫర్లను బొమ్మకు మాత్రమే పెట్టడం మంచిది.

ఒక లెక్క మాత్రం ముందే తేల్చుకోండి. మన బ్రాడ్‌గేజి ఖాళీ పెట్టెకు బఫర్ మధ్య ఎత్తు గరిష్ఠంగా 1105 మి.మీ., దాన్ని 160తో భాగిస్తే 6.9 మి.మీ. అవుతుంది. ఆ ఎత్తులో కప్లర్ పెడితే కొన్న ఇంజన్లు వేటితోనూ అది కలవదు. 1676 మి.మీ. గేజి 10.5 మి.మీ. కావలసి ఉండగా 9 మి.మీ. పట్టాతో ఎలాగూ సర్దుకుంటున్నాం కాబట్టి, కప్లరునూ 5.5 మి.మీ. దగ్గరే ఉంచి మిగతావారి రైళ్లతో కలిసేలా చూసుకోండి.

20 పెట్టెల రేకు మొత్తానికి కప్లర్లు కొనాలా?

అవసరం లేదు. ఎల్‌హెచ్‌బీ పెట్టె కప్లర్లతో కలిపి సుమారు 24 మీటర్లు, అంటే ఎన్ స్కేల్లో 15 సెంటీమీటర్లు. 20 పెట్టెలు 3 మీటర్ల రేకు అవుతుంది, దాన్ని మీరు ఎప్పుడూ మధ్యలో విడదీయరు. రెండు చివరలా మాత్రమే పనిచేసే కప్లర్లు పెట్టి, లోపల నాలుగేసి పెట్టెలను ప్లాస్టిక్ కడ్డీతో కట్టేస్తే ఖర్చు తగ్గుతుంది, తెగే చోట్లు కూడా తగ్గుతాయి. కడ్డీ పొడవు మీ అతి ఇరుకైన వంపులో రెండు పెట్టెల మూలలు రాసుకోనంత ఉండాలి. అట్టముక్కతో ఒకటి చేసి చూసుకుని, ఆ కొలతకు ప్లాస్టిక్ కోయండి.

బిగించేటప్పుడు స్ప్రింగ్ ఎగిరిపోతోంది. ఏం చేయాలి?

అందరికీ ఎగిరిపోతుంది. పెద్ద, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో రెండు చేతులూ పెట్టి లోపలే పని చేస్తే ఎగిరినా కవరులోనే ఉంటుంది. స్ప్రింగులోంచి సన్నని కుట్టుదారం దూర్చి, బిగించాక దారం లాగేయడం మరో పద్ధతి. ఫ్యాను ఆపండి, కింద తెల్లటి దుప్పటి పరవండి. డబ్బా అమరాక తలను గోటితో పక్కకు నెట్టి వదిలితే దానంతట అదే మధ్యకు రావాలి, రాకపోతే అచ్చులో మిగిలిన ప్లాస్టిక్ నూగును సన్నని ఆకురాయితో తీసి, తాళాలకు వేసే గ్రాఫైట్ పొడి చిటికెడు చల్లండి. నూనె వేయవద్దు, దుమ్ము పట్టి వారంలో బిగుసుకుపోతుంది.

అన్నీ మార్చాక పాత ర్యాపిడోలను పారేయవచ్చా?

పారేయకండి. తీసిన తల, స్ప్రింగు, స్క్రూలను ఒక చిన్న జిప్ కవరులో వేసి, అది ఏ పెట్టెదో పైన రాసి, ఆ పెట్టె వచ్చిన డబ్బాలోనే ఉంచండి. రేపు ఆ పెట్టెను అమ్మదలచినా, ర్యాపిడోలతోనే నడిపే మిత్రుడి పట్టాల మీదికి తీసుకువెళ్లదలచినా అవే అవసరమవుతాయి. మధ్యవర్తి వ్యాగన్లను కూడా విప్పకండి.